సుమోలు ఎవరివి, రోబోలు ఎవరివి? సైన్స్ ఫిక్షన్ సినిమాల కాపీ తగాదాల లెక్క

కడప, కర్నూలు, అనంతపురం పేరు చెబితే సినిమావాళ్లకు గుర్తొచ్చే సరంజామా ఒకటుంది. తెల్లచొక్కాలు, గాల్లోకి లేచే సుమోలు, నాటుబాంబులు, వేటకొడవళ్లు, పెద్దాయన ఎదుట తొడ కొట్టే కుర్రాడు, వెనకాల కొండారెడ్డి బురుజు. ‘నా సుమో సీను ఎత్తుకెళ్లారు’ అని ఏ నిర్మాతైనా దావా వేస్తే నిలవదు. ఫ్యాక్షన్ కథ అనుకున్నాక సుమో, కొడవలి పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. వాటి మీద ఏ ఒక్కరికీ హక్కు లేదు. (ఆ సరంజామా మీద సీమ జనానికి వేరే ఫిర్యాదు ఉంది గానీ, అది కాపీరైట్ చట్టం తీర్చేది కాదు.)

సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమాకూ ఇలాంటి సరంజామా ఉంది. మనిషి మీద తిరగబడే రోబో, కాలంలో వెనక్కి వెళ్లే యంత్రం, నీళ్లో గాలో లేకుండా పోయిన భూమి, మాజీ సైనికుడైన మొండి హీరో, గోడ మీద తగ్గిపోతున్న గడియారం. రెండు సినిమాల్లో ఇవి కనబడగానే సోషల్ మీడియాలో పోస్టర్లు పక్కపక్కన పెట్టి ‘కాపీ’ అనేస్తారు. కోర్టు ఇవన్నీ ముందు పక్కకు తీసేసి, మిగిలిన దాన్ని తూస్తుంది. జనం చూసే పోలికకూ న్యాయమూర్తి చూసే పోలికకూ తేడా అక్కడే మొదలవుతుంది. ఈ తగాదాల్లో చాలామంది ఓడిపోయేదీ అక్కడే.

హెచ్.జి. వెల్స్ కాలయంత్రం నవల 1895లో వచ్చింది. ఆయన 1946లో చనిపోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది కాబట్టి 2006 చివరిదాకా ఆ నవలకు ఇక్కడ రక్షణ ఉంది. 1991లో ‘ఆదిత్య 369’ వచ్చేనాటికీ ఉంది. అయినా చిక్కు లేదు. కాలంలో ప్రయాణించే యంత్రం అన్నది ఆలోచన, దానికి హక్కుదారు ఉండడు. ఆ యంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్లడం వెల్స్ పుస్తకంలో లేదు.

ఏది మిగులుతుంది?

ఉదాహరణకు ఒక కథ కల్పించుకుందాం. 2090. పెన్నా పూర్తిగా ఎండిపోయింది. గండికోట లోయ అడుగున మిగిలిన నీటి నిల్వకు ఒక రోబో కాపలా. దానికి పాత పట్టాదారు పాసు పుస్తకాల్లోని వేలిముద్రలు మాత్రమే తెలుసు. ఆ ముద్ర చూపనిదే గేటు తీయదు. కథానాయిక తన అవ్వ వేలిముద్ర ఉన్న అప్పు పత్రం పట్టుకుని లోపలికి వెళుతుంది. చివర్లో ఆ రోబో తన రిజిస్టర్‌ను తానే చెరిపేసుకుంటుంది. హక్కుదార్లంటూ ఎవరూ మిగలరు కాబట్టి నీళ్లు అందరివీ అవుతాయి.

రెండేళ్ల తర్వాత ఒక పెద్ద సినిమా వస్తుంది. అంగారకుడి మీద మంచు నిల్వ, దానికి యంత్రం కాపలా, నీళ్ల కోసం యుద్ధం, మాజీ సైనికుడు హీరో. ఇంతే అయితే మన రచయిత చేతిలో ఏమీ లేదు. నీటి కరువు, కాపలా రోబో, యుద్ధం అన్నీ సరంజామా కిందికే పోతాయి. కానీ ఆ సినిమాలోనూ యంత్రం చనిపోయినవాళ్ల వేలిముద్రకే తలుపు తీసి, హీరోయిన్ ముసలామె ముద్ర ఉన్న అప్పు కాగితంతో వెళ్లి, చివరికి యంత్రం తన జాబితాను తానే తుడిచేసుకుంటే సంగతి వేరు. గండికోట అంగారకుడైనా, పేర్లు మారినా, బడ్జెట్ వందల కోట్లయినా, ఒకే మలుపులు ఒకే వరుసలో ఒకే కారణంతో వచ్చాయి. చట్టం కాపాడే ‘వ్యక్తీకరణ’ అంటే ఇదే.

విడివిడిగా చూస్తే పాతవే అయిన ముక్కలను ఒకరు కొత్తగా పేర్చితే, ఆ పేర్పుకూ రక్షణ దొరకొచ్చు. ఎన్ని ముక్కలు కలిస్తే పేర్పు అవుతుంది అన్నదానికి ఏ దేశంలోనూ స్కేలు లేదు. తీర్పులు అటూ ఇటూ పోయేది ఈ ఒక్క చోటే.

పారిస్‌లో తేలిన తగాదా

ఈ రకం కేసుల్లో బాగా చదవాల్సింది ‘లాకౌట్’ కేసు. జాన్ కార్పెంటర్ 1981లో తీసిన ‘ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్’లో మాన్‌హట్టన్ దీవి మొత్తం జైలు. అమెరికా అధ్యక్షుడు అందులో చిక్కుకుంటే, శిక్ష పడ్డ మాజీ సైనికుడు స్నేక్ ప్లిస్కిన్‌ను విడుదల ఆశ చూపి లోపలికి పంపుతారు. లూక్ బెస్సాన్ సంస్థ యూరోపాకార్ప్ 2012లో ‘లాకౌట్’ తీసింది. అందులో జైలు అంతరిక్షంలో ఉంది, చిక్కుకున్నది అధ్యక్షుడి కూతురు.

జైలు నుంచి ఒకరిని విడిపించడం సరంజామానే కదా అని ప్రతివాదులు వాదించారు. కోర్టు చూసింది ఒక్కో ముక్కను కాదు, వరుసను. గతంలో వీరుడు, ఇప్పుడు శిక్ష పడ్డ వెటకారపు హీరో. తన విడుదలకు బదులుగా బందీని తేవాలన్న ఒప్పందం. ఒకచోట గ్లైడర్‌లో, ఒకచోట అంతరిక్ష నౌకలో రహస్యంగా లోపలికి చేరడం. లోపల పాత సహచరుడు దొరికి చనిపోవడం. చివరి నిమిషంలో పని ముగించడం. అన్నీ అయ్యాక రహస్య పత్రాలను హీరో తనదగ్గరే ఉంచుకోవడం. 2015లో కింది కోర్టు కార్పెంటర్, ఆయన సహరచయిత, హక్కుల సంస్థ ముగ్గురికీ కలిపి 80 వేల యూరోలు ఇమ్మంది. 2016లో అప్పీలు కోర్టు దాన్ని 4.5 లక్షల యూరోలకు పెంచింది.

ఆ ఆఖరి అంశం, పత్రాలు దాచుకోవడం, చూడ్డానికి చిన్నది. కానీ జైలు కథకు అది తప్పనిసరి కాదు. తప్పనిసరి కాని చిన్న ఎంపిక రెండుచోట్లా కనబడితే, అవసరమైన పెద్ద ఎంపికలు పది కలిసినదానికన్నా ఎక్కువ బరువు తూగుతుంది. పరీక్ష హాల్లో ఇద్దరి జవాబు ఒకేలా ఒప్పయితే ఎవరూ పట్టించుకోరు. ఇద్దరూ ఒకే తప్పు రాస్తే ఇన్విజిలేటర్ లేచి వస్తాడు.

అదే కేసు ఇక్కడైతే?

ఫ్రాన్స్‌లో కాపీని పోలికలతో తూస్తారు, తేడాలతో కాదు. పోలికలు బరువైనవైతే, మిగతా అరగంట కొత్తగా ఉందన్న వాదన పెద్దగా పనిచేయదు. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో వేసిన దారి కొంచెం వేరు. ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాసిన ఆనంద్, 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ సినిమా తన నాటకమేనన్నారు. దర్శకుడికి నాటకం స్వయంగా వినిపించారు కూడా. అయినా ఓడిపోయారు. ప్రాంతీయ దురభిమానం అన్న ఇతివృత్తం రెండింటికీ ఒకటే అయినా, సినిమాలో వరకట్నం లాంటి వేరే అంశాలున్నాయి, నడక వేరు అని కోర్టు చెప్పింది. ఆలోచన, ఇతివృత్తం, చరిత్ర, పురాణం ఎవరి సొత్తూ కాదు. రెండూ చూసిన ప్రేక్షకుడికి ‘ఇది దాని నకలే’ అని తప్పించుకోలేనంత గట్టిగా అనిపించాలి. పోలికలతోపాటు పెద్ద తేడాలుంటే, అవి కాపీ కొట్టే ఉద్దేశం లేదనడానికి సాక్ష్యంగా నిలుస్తాయి.

ఆ చివరి వాక్యం మన దేశంలో ప్రతివాదికి దొరికిన గొడుగు. ఇండోనేసియా సినిమా ‘ది రెయిడ్’ హక్కుదారులు 2016లో ‘బాఘీ’ మీద బాంబే హైకోర్టుకు వెళ్తే విడుదల ఆపే ఉత్తర్వు రాలేదు. 2014లో ‘ధూమ్ 3’ మీద వెళ్లిన రచయితకూ రాలేదు. అలాగని తలుపు పూర్తిగా మూసుకోలేదు. ‘ఫోన్ బూత్’ హక్కుదారులు 2010లో ‘నాక్ అవుట్’ మీద అదే హైకోర్టులో ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) తెచ్చుకున్నారు. అక్కడ ఒక మనిషి, ఒక ఫోను, తుపాకీ గురి అన్న పేర్పు సినిమా అంతటినీ మోసింది. ‘బాఘీ’లో ప్రేమకథ కూడా ఉంది. పోలిక మొత్తం సినిమాలో ఎంత భాగాన్ని నిలబెడుతోంది అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

పోలికల జాబితా తయారుచేసేవాళ్లు చేసే పొరపాటు దీనికి ఎదురు దిశలో ఉంటుంది. ‘స్టార్ వార్స్’ తీసిన సంస్థ 1978లో ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ మీద దావా వేస్తూ 34 పోలికలు చూపింది. 1983లో అమెరికా అప్పీలు కోర్టు విచారణ జరగాల్సిందేనంది, ఆ తర్వాత అది రాజీ అయింది. మరుసటి ఏడాది ‘ఈ.టి.’ మీద వచ్చిన కేసులో అదే అప్పీలు కోర్టు, ఏరి పేర్చిన జాబితాలు నమ్మదగినవి కావు అని తేల్చి వాదిని పంపేసింది. యాభై పోలికల్లో నలభై సరంజామా అయితే, అసలైన పది కూడా వాటి కింద పడి నలిగిపోతాయి. ఏడు పోలికలు, ప్రతిదానికీ మీ స్క్రిప్టు పేజీ సంఖ్య, సినిమాలో నిమిషం, అది కథకు ఎందుకు తప్పనిసరి కాదో ఒక వాక్యం. లాయరు చేతికి ఇవ్వాల్సిన పట్టిక అంతే.

చేతికెలా అందింది?

పోలిక ఎంత ఉన్నా, నీ కథ వాళ్లకు అందిందని చూపాలి. చూడకుండా రాసినదాన్ని కాపీ అనరు. 1967లో సత్యజిత్ రాయ్ ‘ది ఏలియన్’ అనే స్క్రిప్టు రాశారు. హాలీవుడ్ సంస్థతో మాటలు నడిచి ఆగిపోయాయి. నకళ్లు అమెరికాలో చాలా చేతులు మారాయి. తర్వాత వచ్చిన ‘ఈ.టి.’ ఆ నకళ్లు లేకుండా పుట్టేది కాదన్నది రాయ్ అభిప్రాయం. స్పీల్‌బర్గ్ కాదన్నారు. రాయ్ కోర్టుకు వెళ్లలేదు.

అచ్చయిన కథకూ ప్రసారమైన సీరియల్‌కూ ఈ ఇబ్బంది తక్కువ. 1964లో అమెరికా టీవీలో వచ్చిన ‘సోల్జర్’ ఎపిసోడ్ రచయిత హార్లన్ ఎలిసన్, 1984 నాటి ‘టెర్మినేటర్’ తన ఎపిసోడ్‌ను పోలి ఉందన్నారు. తీర్పు దాకా పోకుండానే డబ్బుతో రాజీ అయింది. సినిమా ప్రతుల్లో ఆయన రచనలకు కృతజ్ఞత అని ఒక వాక్యం చేరింది.

హైదరాబాద్‌లో ఆఫీసు ఆఫీసుకూ తిరిగి నోటితో కథ చెప్పి వచ్చే రచయితది కష్టమైన స్థితి. నేరేషన్‌కు కాగితం ఉండదు. ఇక్కడ కాపీరైట్‌కు పక్కనే ఇంకో దారి ఉంది: నమ్మకంతో చెప్పిన రహస్యాన్ని వాడుకోవడం తప్పు అన్న సూత్రం. 2003లో బాంబే హైకోర్టు ఒక టీవీ కార్యక్రమపు కాన్సెప్టు విషయంలో, జీ టెలిఫిలిమ్స్‌కు ఎదురుగా, ఆ సూత్రం మీదే రక్షణ ఇచ్చింది. కాపీరైట్ కాపాడని ఆలోచనను కూడా, అది కొత్తదై, స్పష్టంగా విడమరిచి, నమ్మకంతో చెప్పినదైతే ఈ సూత్రం కాపాడగలదు. అందుకే నేరేషన్ అయిన సాయంత్రమే ఒక మెయిల్ పంపాలి. ఎవరికి, ఎన్ని గంటలకు, ఏ కథ చెప్పామో రాసి, నాలుగు పేజీల సినాప్సిస్ జతచేసి, ఇది మీ పరిశీలన కోసం మాత్రమే అని ఒక వాక్యం పెట్టాలి. జవాబు రాకపోయినా ఆ మెయిల్ సాక్ష్యం.

రోబో కేసు: ఒకే పోలిక, మూడు తలుపులు

2010లో శంకర్ తీసిన ‘ఎందిరన్’ మనకు ‘రోబో’గా తెలుసు. 1996లో అచ్చైన తన ‘జుగిబా’ కథే అది అని తమిళ రచయిత ఆరూర్ తమిళ్‌నాడన్ అన్నారు. ఆయన సివిల్ దావాను మద్రాస్ హైకోర్టు 2023లో కొట్టేసింది. కానీ 2011లోనే ఆయన ఎగ్మూర్ మేజిస్ట్రేట్ కోర్టులో కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద క్రిమినల్ ఫిర్యాదు వేసి ఉన్నారు. ఆ సెక్షన్ మనీలాండరింగ్ నిరోధక చట్టపు నేరాల జాబితాలో ఉంది. 2025 ఫిబ్రవరిలో ఈడీ ఆ ఫిర్యాదునూ, పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన పోలికల నివేదికనూ ఆధారం చేసుకుని శంకర్‌కు చెందిన 10.11 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసింది. మార్చిలో హైకోర్టు ఆ జప్తుపై స్టే ఇచ్చింది.

సివిల్ కోర్టు కాపీ కాదన్నాక ఆస్తి జప్తు ఎలా అన్నది చాలామందికి అర్థం కాలేదు. మూడూ వేర్వేరు తలుపులు కావడమే కారణం. సివిల్ దావాలో అడిగేది నష్టపరిహారం, నిలుపుదల. సెక్షన్ 63లో అడిగేది శిక్ష: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా, తెలిసి చేశాడని రుజువు కావాలి. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. మూడో తలుపు డబ్బు జాడది. కథ పోలిక మీద మొదలైన తగాదా అంత దూరం పోవడం మాత్రం చట్టం ఉద్దేశించిన కొలతను మించిందనే అనిపిస్తుంది.

తెలుగులో సెక్షన్ 63 పదును చూపింది ‘శ్రీమంతుడు’. స్వాతిలో వచ్చిన తన ‘చచ్చేంత ప్రేమ’ నవలే ఈ సినిమా అన్న రచయిత శరత్ చంద్ర నాంపల్లి కోర్టులో వేసిన కేసును ఆపమని దర్శకుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024 జనవరిలో అక్కడ జోక్యం దొరకలేదు.

కాగితం సంగతులు

రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ ఉంటుంది. రాసిన క్షణం నుంచే ఉంటుంది. కానీ తేదీ నిరూపించడానికి రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. కేంద్ర కాపీరైట్ కార్యాలయంలో ఫారం 14తో ఆన్‌లైన్‌లో దరఖాస్తు, స్క్రిప్టుకు 500 రూపాయలు, తీసిన సినిమాకు 5,000. వెంటనే డైరీ నంబరు వస్తుంది. అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. ఆ కార్యాలయం కథ సొంతమా కాదా అని చూడదు కాబట్టి సర్టిఫికెట్టు మొదటి సాక్ష్యమే తప్ప తుది మాట కాదు. ఎక్కువగా చెడేది ఇక్కడ: రెండు పేజీల లైన్ (కథ సారాంశం) రిజిస్టర్ చేసి, నూట ఇరవై పేజీల స్క్రిప్టు మీద హక్కు అడుగుతారు. రిజిస్ట్రేషన్ సాక్ష్యం రిజిస్టర్ చేసిన రూపానికే. వేలిముద్రల మలుపు, రిజిస్టర్ చెరిపేసుకునే ముగింపు ఆ రెండు పేజీల్లో లేకపోతే తేదీ ఉన్నా ప్రయోజనం లేదు. పూర్తి స్క్రిప్టు, సీన్ నంబర్లతో సహా, పెట్టాలి. పెద్ద మార్పు వస్తే మళ్లీ పెట్టాలి. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు పంపుకుని కవరు విప్పకుండా దాచుకోవడం పాత అలవాటు. అంటించకుండా కూడా పంపొచ్చు కాబట్టి దానికి బలం తక్కువ.

వాట్సాప్ సంభాషణ, మెయిల్, ల్యాప్‌టాప్ ఫైలు సాక్ష్యం కావాలంటే 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్టు కావాలి. (అదే అంకె, వేరే చట్టం. లాయర్లే తడబడతారు.) అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) రాయాలి. ఫోను మార్చేటప్పుడు చాట్ పోగొట్టుకుంటే స్క్రీన్‌షాట్ మాత్రమే మిగులుతుంది, దాన్ని ఎదుటి లాయరు సులభంగా అనుమానంలో పడేస్తాడు.

కథ అమ్మేటప్పుడు కాపీరైట్ చట్టం సెక్షన్ 19 గుర్తుంచుకోవాలి. రాతపూర్వకంగా, సంతకంతో లేని బదిలీ చెల్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే. కొన్నవాడు ఏడాదిలో వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, హక్కు వెనక్కి వస్తుంది. అడ్వాన్సు తీసుకున్నాక సినిమా మొదలవక పదేళ్లు కూర్చున్న రచయితలకు ఈ ఏడాది సంగతి తెలిసి ఉంటే బాగుండేది.

సినిమాను చూసి సినిమా తీస్తే మరో చిక్కు. సినిమా కాపీరైట్ అంటే ఆ రీలును, ఆ ఫైలును నకలు చేయడమే అని బాంబే హైకోర్టు 2003లో అంది. అంత ఇరుకు కాదని ఢిల్లీ హైకోర్టు 2019లో అంది. అందుకే నిర్మాతలు సినిమా హక్కుతో ఆగకుండా స్క్రిప్టు హక్కు మీద కూడా దావా వేస్తారు. స్క్రిప్టు హక్కు రాయించుకోకుండా ‘రీమేక్ రైట్స్’ కొన్న చిన్న నిర్మాత ఇక్కడే ఇరుక్కుంటాడు.

అనంతపురం నుంచి దావా

సెక్షన్ 62 రచయితకు ఒక మేలు చేసింది. ప్రతివాది హైదరాబాద్‌లో ఉన్నా ముంబయిలో ఉన్నా, వాది తాను నివసించే చోటి జిల్లా స్థాయి కోర్టులో వేయొచ్చు. 3 లక్షలకు పైబడిన కేసు వాణిజ్య వివాదం కిందికి వస్తుంది. అప్పుడు దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. విడుదల ఆపమనే తక్షణ ఉత్తర్వు కోరుతుంటే మాత్రం మినహాయింపు ఉంది. దావా వేయడానికి గడువు మూడేళ్లు. కోటి, పది కోట్లు అని ఊపులో రాస్తే కోర్టు ఫీజు కూడా అంతే పెరుగుతుంది.

సమయం ఇంకా ముఖ్యం. టీజర్ వచ్చిన రోజు ఊరుకుని, విడుదలకు ముందురోజు పరుగెత్తుకొచ్చే వాదిని బాంబే హైకోర్టు పలుమార్లు మందలించింది. అప్పటికే థియేటర్లు బుక్ అయి ఉంటాయి కాబట్టి నష్టం తూకం నిర్మాత వైపే మొగ్గుతుంది. టీజర్ చూసి అనుమానం వస్తే ఆ వారంలోనే లీగల్ నోటీసు పంపాలి.

యూట్యూబ్‌లో పెట్టిన షార్ట్ ఫిల్మ్‌కు దారి చిన్నది. హక్కుదారు ఫిర్యాదు అందాక 36 గంటల్లో వేదిక దాన్ని తొలగించాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టొచ్చు. యూట్యూబ్ సొంత నియమం వేరు: 90 రోజుల్లో మూడు స్ట్రయిక్‌లు (కాపీరైట్ హెచ్చరికలు) పడితే ఛానెల్ పోతుంది. స్ట్రయిక్ అన్యాయమనుకుంటే కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వాలి. ఫిర్యాదుదారు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగొస్తుంది. చాలామంది భయపడి తామే వీడియో తీసేస్తారు.

నింద ఎదుర్కొంటున్నవాడికి కూడా చట్టంలో చోటుంది. ‘కేసు వేస్తాం, అరెస్టు చేయిస్తాం’ అని నోటీసుల మీద నోటీసులు పంపుతూ కోర్టుకు మాత్రం వెళ్లని వాడి మీద సెక్షన్ 60 కింద తానే ముందుగా దావా వేసి, ఆ బెదిరింపులు ఆధారం లేనివని ప్రకటించమని, ఆపమని, నష్టం ఇప్పించమని అడగొచ్చు. బెదిరించినవాడు వెంటనే అసలు దావా వేసి శ్రద్ధగా నడిపితే ఈ సెక్షన్ వర్తించదు. ఈ దావాలో చూపాల్సింది కూడా కాగితాలే: మొదటి డ్రాఫ్టు ఫైళ్లు, కథా చర్చల్లో రాసుకున్న నోట్లు, తొలగించిన సీన్లు, ఏ సీను ఏ నెలలో ఎందుకు మారిందో చూపే మెయిళ్లు. ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు పాత డ్రాఫ్టులను పాతసామాన్ల వాడికి వేసేవాళ్లు ముందు వాటిని స్కాన్ చేసి, ఆ ఫైలును ఆ రోజే లాయరుకు మెయిల్ చేసి పెట్టుకోవాలి.